మా మండలానికి ఒక స్కూల్ సైకాలజిస్టును ఇవ్వండి

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారాలు.

నేను సోంపేట వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పద్ధతి ప్రకారమైతే ఈ ఉత్తరం మా హెడ్మాస్టరు గారి చేతికిచ్చి, మండల విద్యాశాఖాధికారి (ఎంఈఓ) ఆఫీసు మీదుగా మీకు చేరాలి. ఒక్క మా బడి కోసం అడిగేదైతే అలాగే చేసేదాన్ని. జిల్లా మొత్తానికి సంబంధించిన సంగతి కాబట్టి, తల్లిదండ్రులూ చదవాలని బహిరంగంగా రాస్తున్నాను.

అడిగేది ముందే చెప్పేస్తాను. మన జిల్లాలో 30 మండలాలున్నాయి. మండలానికి ఒకరు చొప్పున స్కూల్ సైకాలజిస్టులను వేయండి. అందరినీ ఒకేసారి వేయడం కుదరకపోతే ఉద్దానం ఏడు మండలాలతో మొదలుపెట్టండి: కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు. ఉద్దానమే ముందు ఎందుకో, ఆ మనిషి బడిలో ఏం చేయాలో, మేం ఏం చేయించకూడదో కింద రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

"ఇప్పటికే కౌన్సెలింగ్ ఇప్పిస్తున్నాం కదా" అని మీ ఆఫీసులో ఎవరైనా అనొచ్చు. అదేమిటో చెబుతాను. ఏటా సంక్రాంతి సెలవులయ్యాక పదో తరగతి పిల్లలకు మోటివేషన్ క్లాసు పెడతారు. ఒకాయన కార్లో వస్తారు, మైకూ స్పీకరూ ఆయనే తెచ్చుకుంటారు. కళ్లు మూసుకోమంటారు. అమ్మానాన్నలను తలుచుకోమంటారు, వాళ్లు మీ కోసం ఎండలో ఎంత కష్టపడుతున్నారో చూడండి అంటారు. ఐదు నిమిషాలు తిరిగేసరికి సగం మంది ఆడపిల్లలు వెక్కి వెక్కి ఏడుస్తుంటారు. మగపిల్లలు తల దించుకుని కూర్చుంటారు. ఫొటోలు తీసుకుంటారు. మర్నాడు పేపర్లో విద్యార్థుల్లో స్ఫూర్తి నింపారని వస్తుంది. తండ్రి డయాలసిస్ మీదున్న పిల్లను, పోయిన ఏడే తల్లి పోయిన పిల్లాడిని అలా ఏడిపించి ఎవరి చేతిలో పెట్టి వెళ్తున్నారు? ఆయన కారెక్కుతారు, మేం తర్వాతి పీరియడ్‌కి బెల్ కొట్టిస్తాం. ఆయన మీద నాకు కోపం లేదు, పిలిచారు కాబట్టి వచ్చారు. దానికి కౌన్సెలింగ్ అని పేరు పెట్టి రిపోర్టు పంపడం మీదే నా అభ్యంతరం.

స్కూల్ సైకాలజిస్టు అంటే పిచ్చికి మందిచ్చే డాక్టరని మా ఊళ్లలో చాలామంది అనుకుంటారు. వీళ్లు మందులు రాయరు. పిల్లాడు ఎందుకు చదవలేకపోతున్నాడో, ఎందుకు బడికి రావడం లేదో, ఎందుకు కొడుతున్నాడో, ఎందుకు మాట్లాడడం మానేశాడో కనిపెట్టి, టీచరుతోనూ ఇంట్లోవాళ్లతోనూ కలిసి దారి చూపిస్తారు. ఈ ఉద్యోగం పుట్టుకే బడితో ముడిపడి ఉంది. 1896లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ అనే ఆయన సైకాలజీ క్లినిక్ తెరిచారు. అక్కడికి వచ్చిన మొదటి పిల్లాడిని వెంటబెట్టుకొచ్చింది ఒక టీచరమ్మ. వాడికి దెయ్యమూ పట్టలేదు, మతీ చెడలేదు, స్పెల్లింగ్ రాదు, అంతే. ఇప్పుడు అక్కడి స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం 500 మంది విద్యార్థులకు ఒకరు ఉండాలంటుంది. వాళ్లకే చాలాచోట్ల కుదరడం లేదు. అందుకే మేం మండలానికి ఒక్కరినే అడుగుతున్నాం.

ఆ స్పెల్లింగ్ రాని పిల్లాడి లాంటివాడు మా బడిలోనూ ఉన్నాడు. ఏడో తరగతి. పేరు రాయను. బోర్డు మీద ఉన్నది ముత్యాల్లా దించేస్తాడు. నోట్సు చూసినవాళ్లు క్లాసుకి ఫస్టు వీడే అనుకుంటారు. చదవమంటే "పలక"ని "పకల" అంటాడు, ఒత్తు కనబడితే ఆగిపోతాడు, కింద వేలు పెట్టుకున్నా వరుస తప్పుతాడు. తన వంతు వచ్చేలోపు ఏదో ఒక పని కల్పించుకుంటాడు. "చాక్‌పీసులు తెస్తాను మేడమ్", "నీళ్ల సీసా నింపుకొస్తాను మేడమ్". కొన్నాళ్లు గమనించాక తెలిసింది, వాడు సరిగ్గా తనకంటే ముందు ఇద్దరు మిగిలి ఉండగా లేస్తాడు. అంతకు ముందు లేస్తే పని చేసుకుని తిరిగొచ్చేసరికి మళ్లీ వంతు దొరికిపోతుంది. ఇంత లెక్క వేయగలవాడికి బుర్ర లేదంటే నేను ఒప్పుకోను. వాళ్లమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పప్పు వలుస్తుంది. వారమంతా వలిచిన కిలోలకు ఎంత రావాలో వీడు నోటితోనే చెప్పేస్తాడట, మేస్త్రి కాగితం చూసి చెప్పేలోపే.

ఆ తల్లి పేరెంట్స్ మీటింగుకి వచ్చినప్పుడు, "మా గుంటడికి సదువు అబ్బదు మేడమ్, ఈడి బాబూ ఇంతే, రెండో తరగతిలోనే మానేసినాడు" అంది. నవ్వుతూనే అంది. నేను విని ఊరుకోవలసిందే. అదే ఒక సైకాలజిస్టు వింటే ఆ మాట దగ్గరే ఆగుతారు. అక్షరాలు చదవడంలో వచ్చే ఈ రకం ఇబ్బంది చాలాసార్లు కుటుంబాల్లో నడుస్తుంది. తండ్రికీ అదే ఉండి ఉండవచ్చు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు, పొట్ట చేతపట్టుకుని వలస పోయాడు.

ఆ తర్వాత వాళ్లు చేసే పని నాకు నచ్చేది ఎందుకంటే, అందులో తొందరపాటు ఉండదు. ముందు కళ్లు చూపిస్తారు, చెవులు చూపిస్తారు. బోర్డు కనబడక వెనకబడిన పిల్లలు ప్రతి క్లాసులో ఒకరిద్దరు ఉంటారు. పిల్లల ఆరోగ్యం పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చి చూసి రాసిచ్చినా, ఆ కాగితం ఇంట్లో గూట్లోనే ఉండిపోతుంది. అద్దాలు వచ్చాయా లేదా అని అడిగే మనిషి కావాలి. తర్వాత ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడుగుతారు. మందస, మెళియాపుట్టి కొండల్లో సవర పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు. ఇచ్ఛాపురం చుట్టూ ఒడియా ఇళ్లున్నాయి. తెలుగు పుస్తకం చేతికిచ్చి చదవలేదని వాళ్లను మొద్దులనడం అన్యాయం. ఆ తర్వాత చదువు ఎక్కడ తెగిందో చూస్తారు. మా వాడు అక్షరాలు కూడబలుక్కునే వయసులో కరోనా వచ్చి బడులు మూసేశారు. ఇవన్నీ అయ్యాకే పరీక్షలు పెట్టి, ఇది అభ్యసన వైకల్యమా, లేక నేర్పకపోవడం వల్ల వచ్చిన లోటా అన్నది తేలుస్తారు. రెండిటికీ వైద్యం వేరు. ఒకదానికి కొత్త పద్ధతి కావాలి, ఇంకోదానికి కాస్త టైము కావాలి.

వైకల్యమే అని తేలితే దానికి చట్టం కూడా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఇదీ ఒకటి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు అడగవచ్చు. సర్టిఫికెట్ రావాలంటే ఎవరో ఒకరు ముందు అనుమానపడాలి. ఆ తర్వాత తల్లిని ఒప్పించాలి, ఎక్కడికి వెళ్లాలో చెప్పాలి, వీలైతే తోడు వెళ్లాలి. సోంపేట నుంచి శ్రీకాకుళం దాదాపు వంద కిలోమీటర్లు. విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఇంకా దూరం. జీడిపప్పు పనికి వెళ్లే మనిషి రెండు రోజుల కూలి వదులుకుని, ఎవరిని కలవాలో తెలియకుండా బస్సెక్కదు.

ఇక ఉద్దానం. ఇక్కడి కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. రోగులకు వచ్చిన మేలు వచ్చింది. రోగుల పిల్లల గురించి మాత్రం ఎక్కడా ఒక ఫైలు ఉన్నట్టు లేదు. వాళ్లను చూడాలంటే ఆసుపత్రికి పోనక్కర్లేదు, మా హాజరు పట్టీ చాలు. తొమ్మిదో తరగతి పట్టీలో ఒకమ్మాయి వరుస తీసి చూడండి. మంగళవారం ఆబ్సెంట్, శుక్రవారం ఆబ్సెంట్. మళ్లీ మంగళవారం, మళ్లీ శుక్రవారం. మధ్యలో వచ్చిన రోజు హోంవర్కు ఉండదు, చివరి బెంచీలో నిద్రపోతుంది. క్లాసు టీచరు దృష్టిలో ఆమె "ఇర్రెగ్యులర్". ఆన్‌లైన్ హాజరులో ఆమె ఒక శాతం. విషయం ఏమిటంటే ఆ రెండు రోజులూ నాన్నకు డయాలసిస్. అమ్మ ఆయనతో వెళ్తుంది, ఈ పిల్ల ఇంటి దగ్గర తమ్ముణ్ణీ మేకల్నీ చూసుకుంటుంది.

ఈ పిల్లకు ధైర్యం చెప్పే ప్రసంగం అక్కర్లేదు. ధైర్యం ఆమెకు మా అందరికంటే ఎక్కువే ఉంది. ఎవరైనా ఇంటికి వెళ్లి ఆ రెండు రోజులూ తమ్ముణ్ణి అంగన్‌వాడీలో ఎక్కువసేపు ఉంచడానికి మాట్లాడాలి. పోయిన పాఠాలు ఎవరు ఎప్పుడు చెప్పాలో మాతో కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవాలి. "నిద్రపోతే లేపి నిలబెట్టకండి" అని మా లెక్కల మాస్టారికి చెప్పగలిగిన హోదా ఉన్నవాళ్లు కావాలి. ఆ తర్వాత ఆమె నోరు విప్పి "నాన్న పోతారా?" అని అడిగితే, అబద్ధం చెప్పకుండా, భయపెట్టకుండా జవాబివ్వడం తెలిసినవాళ్లు కావాలి. చివరిది నాకు రాదు. చాలామందికి రాదు, అదొక చదువు.

వలస ఇళ్ల సంగతీ ఇంతే. అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో, పిల్లలు నాయనమ్మ దగ్గర. తీరం వెంబడి ఊళ్లలో తండ్రులు వేటకు గుజరాత్ పోతారు. 2018 నవంబరులో అలా వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన జిల్లా మత్స్యకారుల్లో ఎక్కువమంది 2020 జనవరిలో గాని ఇంటికి రాలేదు. ఆ పధ్నాలుగు నెలలూ వాళ్ల పిల్లలు బడికి వస్తూనే ఉన్నారు, యూనిట్ టెస్టులు రాస్తూనే ఉన్నారు. వాళ్లు చిక్కడానికి నెల ముందే తిత్లీ తుపాను కొబ్బరినీ జీడినీ కూల్చేసి పోయింది. అధికారులు చెట్లు లెక్కపెట్టారు. పెట్టాల్సిందే, పరిహారం దానిమీదే వస్తుంది. గాలి చప్పుడైతే చాలు బెంచీ కింద దూరే పిల్లల లెక్క మాత్రం ఎవరి ఫారంలోనూ గడి కట్టి లేదు.

ఆడపిల్లలు అసెంబ్లీలో కళ్లు తిరిగి పడిపోతే "గాలి సోకింది" అని తాయెత్తు కట్టిస్తారు. సగం కేసుల్లో పొద్దున ఏమీ తిని ఉండరు, రక్తం తక్కువ. మిగతా సగంలో ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తుంటాయి. ఏది ఏదో విడదీసేవాళ్లు లేరు.

"మీరంతా బీఈడీ చేశారు కదా, మీకు సైకాలజీ పేపరు ఉంది కదా" అని ఒక అధికారి మీటింగులోనే అన్నారు. ఉంది. పావ్లోవ్ కుక్క, పియాజే దశలు, ఎస్సే ప్రశ్నకు నాలుగు పేజీలు. అందరం పాసయ్యాం. ఇప్పుడు మా రోజు ఎలా గడుస్తుందో మీకు తెలుసు. హాజరు యాప్, మధ్యాహ్న భోజనం ఫొటో, పదో తరగతికి పొద్దున స్టడీ అవరు, సాయంత్రం స్టడీ అవరు. టైము సంగతి పక్కన పెట్టినా అసలు అడ్డు ఇంకొకటి ఉంది. మార్కులు వేసేది మేమే. కాపీ కొడుతుంటే పట్టుకునేది మేమే. పేరెంట్‌ని పిలిపించేది మేమే. అలాంటి మాకు పిల్లాడు మనసులో మాట ఎందుకు చెబుతాడు? చెప్పినా స్టాఫ్ రూంలో టీ తాగేలోపు అందరికీ తెలిసిపోతుందని వాడికి తెలుసు. పైగా మా ఊళ్లలో టీచర్లలో ఒకరు ఆ పిల్లాడికి మేనత్త వరసో, చిన్నాన్న వరసో అవుతారు. బయటి మనిషే కావాలి.

2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లను వెల్‌నెస్ అంబాసిడర్లుగా పెట్టమన్నారు. మంచిదే. ఆ ఇద్దరూ ముందుగా గమనించే కళ్లుగా పనికొస్తారు. గమనించాక పిల్లను ఎవరి దగ్గరికి పంపాలి అన్న ప్రశ్నకు మండలంలో జవాబు లేకపోతే, గమనించి బాధపడడమే మిగులుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 మా గోడ మీద రాసి ఉంది. తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా ఎత్తుతారు, ఉచితం. రాయించినందుకు సంతోషం. కానీ ఎనిమిదో తరగతి పిల్ల ఫోన్ చేయాలంటే ఆ ఫోన్ నాన్నది, నాన్న ఊళ్లో లేడు, లేదా ఆమె భయం ఆ నాన్న గురించే.

ఇప్పుడు కోర్టు మాట. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కి వచ్చి హాస్టల్లో ఉంటున్న పదిహేడేళ్ల బెంగాలీ అమ్మాయి చనిపోయింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జులై 25న కోర్టు ఆ దర్యాప్తును సీబీఐకి అప్పగించి, అక్కడితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారన్న జాతీయ నేర గణాంకాలను ఎదురుగా పెట్టుకుని ఇచ్చిన ఆదేశాలివి. తగిన చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయంది. 100 మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గాని, సైకాలజిస్టు గాని, సోషల్ వర్కర్ గాని కనీసం ఒకరుండాలి. అంతకంటే చిన్న బడులు బయటి నిపుణులతో అధికారికంగా ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ. మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయడం, అందరి ముందూ అవమానించడం వీలైనంతవరకు మానాలని, ముఖ్యంగా కోచింగ్ సంస్థలను ఉద్దేశించి, చెప్పింది. జిల్లాకో పర్యవేక్షణ కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షులు కలెక్టర్.

ఆ సెక్షన్ల మాట ముఖ్యంగా కోచింగ్ సెంటర్ల గురించే అయినా మా చెవులకూ సోకింది. పదో తరగతి పిల్లలను మేమూ గ్రూపులుగా విడదీస్తాం. పేర్లు ఎంత అందంగా పెట్టినా, ఏ గ్రూపు దేనికోసమో పిల్లలకు మొదటిరోజే తెలిసిపోతుంది. కింది గ్రూపులో పడ్డవాళ్లలో కొందరు బాగుపడతారు, అబద్ధం చెప్పను. కొందరు ఆరోజు నుంచే బ్యాగు తేవడం మానేస్తారు. ఎవరు ఎటు వెళ్తారో ముందే కనిపెట్టడానికి కూడా ఒక మనిషి ఉంటే బాగుంటుంది.

మా హైస్కూల్లో పిల్లల సంఖ్య 100 ఎప్పుడో దాటింది. మండలంలో చాలా హైస్కూళ్లు అంతే. అంటే కోర్టు చెప్పిన లెక్కకు బడికొకరు కావాలి, మేం మండలానికి ఒకరితో సర్దుకుంటామంటున్నాం. టీచర్ల నియామకానికి పెట్టిన 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పెట్టారు. ఎస్జీటీలు, స్కూల్ అసిస్టెంట్లు, టీజీటీలు, పీజీటీలు, ప్రిన్సిపాళ్లు, పీఈటీలు. సైకాలజిస్టు పోస్టు ఒక్కటీ లేదు. రాష్ట్రం పోస్టు మంజూరు చేసేదాకా ఆగితే ఇప్పుడు ఏడో తరగతిలో ఉన్నవాడు పది తప్పి వలస బండి ఎక్కేస్తాడు. మీ చేతిలో ఉన్న జిల్లా నిధులతో కాంట్రాక్టు మీదైనా ఏడుగురిని వేయండి. ఒక్కటే మనవి, మార్చి నెలాఖరుకి ముగిసిపోయే కాంట్రాక్టు వద్దు. ఇవాళ నోరు విప్పిన పిల్లకు వచ్చే జూన్‌లో కొత్త మొహం కనబడితే మళ్లీ విప్పదు.

ఎవరిని వేయాలి అన్నది ముఖ్యం. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ ట్రైనర్లు వద్దు, మెమరీ టెక్నిక్స్ వాళ్లు అసలు వద్దు. సైకాలజీలో పీజీ చేసి పిల్లలతో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు కావాలి. పరీక్షలు పెట్టి వైకల్యం తేల్చే పని మాత్రం భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లే చేయాలి, అలాంటివారు జిల్లా కేంద్రంలో ఒకరిద్దరున్నా మండలాల వాళ్లు వాళ్లకు పంపించవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం ఉంది, ఏటా పిల్లలు చదివి బయటికొస్తున్నారు. ఎచ్చెర్లలో మన అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ స్కూల్ కౌన్సెలింగ్‌లో ఒక డిప్లొమా పెట్టమని మీరు అడగవచ్చు. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్సీఈఆర్టీ) టీచర్లూ చేరగల గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా నడుపుతోంది. ఆసక్తి ఉన్న టీచర్లను డిప్యుటేషన్ మీద పంపితే వద్దనేవాళ్లు ఉండరు. తెలుగు రావాలి, మన తెలుగు రావాలి. "బాబు సచ్చిపోనాడు, అమ్మ ఎలిపోనాది" అని పిల్లాడు అంటే, ముందు భాష దిద్దే మనిషి మాకొద్దు.

ఇక మేం చేయించకూడనివి. ఇది మా వైపు జబ్బు కాబట్టి కచ్చితంగా ఉత్తర్వులోనే రాయండి. సైకాలజిస్టు ఖాళీగా కూర్చున్నారు కదా అని ఎనిమిది బీ సెక్షన్‌కి పంపిస్తాం. ఇంగ్లీషు మాస్టారు సెలవు పెడితే పంపిస్తాం. యాప్‌లో వివరాలు ఎక్కించమంటాం, ఇన్విజిలేషన్ వేస్తాం. అల్లరి చేసినవాణ్ణి శిక్షగా ఆ గదికి తోలుతాం. ఆఖరిది జరిగిందంటే ఆ గది పరువు పోయినట్టే, ఇంక ఎవరూ తమంతట తాము ఆ గడప తొక్కరు. అలాగే పది ఫలితాల శాతాన్ని వాళ్ల పనికి కొలత చేయకండి. వారంలో ఏ రోజు ఏ బడిలో ఉంటారో ముందే బోర్డు మీద ఉండాలి. ఎంతమందిని చూశారు, ఎంతమందిని ఆసుపత్రికి పంపారు, బడి మానేసినవాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారు, ఈ అంకెలు అడగండి. పేర్లు అడగకండి. పేర్లు మా హెడ్మాస్టరు గారు కూడా అడగకూడదు.

రహస్యం గురించి తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్ల చెప్పినదంతా మీకు చెప్పరని భయపడకండి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మీకు చెప్పి తీరతారు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి, దాచిపెట్టడమే నేరం. ఈ రెండు సంగతులూ పిల్లలకు కూడా మొదటిరోజే చెబుతారు. మిగతావి, స్నేహితురాలితో గొడవ, లెక్కల భయం, ఇంట్లో తాగుడు, ఆ గదిలోనే ఉంటాయి. "మా కాలంలో ఈ సైకాలజిస్టులు ఉన్నారా, మేం బతకలేదా?" అని మా నాన్నగారూ అంటారు. ఆయన క్లాసులో ఒకటో తరగతిలో చేరినవాళ్లలో పదో తరగతి దాకా వచ్చినవాళ్లు ఎందరని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి ఆగిపోయారు.

కలెక్టర్ గారూ, కోర్టు చెప్పిన జిల్లా కమిటీలో సభ్యులెవరో, ఎప్పుడు కూర్చుంటుందో ప్రతి బడి నోటీసు బోర్డు మీద పెట్టించండి. అందులో ఒక ప్రభుత్వ బడి టీచరు, విద్యార్థుల తల్లిదండ్రుల నుంచి ఇద్దరు ఉండేలా చూడండి. ఆ ఇద్దరిలో ఒకరు ఉద్దానం నుంచి, ఒకరు వేటకు వెళ్లే ఊళ్ల నుంచి అయితే మంచిది. డీఈఓ గారూ, ఈసారి సంక్రాంతి తర్వాత మోటివేషన్ క్లాసుకి పెట్టే ఖర్చు ఆపి, దాంతో ఉద్దానంలోని హైస్కూళ్ల టీచర్లకు ఒక్కరోజు శిక్షణ పెట్టించండి. పిల్లాడు ప్రమాదంలో ఉన్నాడని ఎలా గుర్తుపట్టాలి, ఆ క్షణంలో ఏమనాలి, ఏమనకూడదు, ఎవరికి ఫోన్ చేయాలి. ఇంతవరకు నేర్పినా చాలు, సైకాలజిస్టు వచ్చేదాకా గడుపుకుంటాం.

మా బడిలో గదికి ఇబ్బంది లేదు. పాత కంప్యూటర్ల గది ఖాళీగా ఉంది, మానిటర్లు స్టోర్‌లోకి మార్చేస్తే సరిపోతుంది. కిటికీ ఆటస్థలం వైపు ఉంది కాబట్టి లోపల ఎవరున్నారో వరండాలోకి కనబడదు. తలుపుకి లోపలి గడియ లేదు, అది మా పేరెంట్స్ కమిటీ వేయిస్తానంది. రెండు కుర్చీలు, ఒక బీరువా, దానికి తాళం కావాలి. ఆ తాళంచెవి సైకాలజిస్టు దగ్గరే ఉండాలని కూడా ఉత్తర్వులో రాయండి.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.